మోటారు బండి నూనె త్రాగుట: నిదానము, చికిత్స



తర్కశాస్త్రమును గురుముఖమున నేర్చినవారికి పొగ యనగానే కొండ జ్ఞాపకమునకు వచ్చును. కొండమీద పొగ కానవచ్చుచున్నది గనుక అచ్చట నిప్పు గలదని యనుమానించుట తార్కికుల మొదటి పాఠము. బాల్యమున నేనును ఆ పాఠమును వల్లించితిని. ఉద్యోగవిరమణమైన పిదప నిజముగనే ఒక కొండ క్రింద, నిజమైన పొగను చూచు యోగము నాకు కలిగినది. ఆ కొండ నిర్మలునకును ఆదిలాబాదునకును నడుమ పాతదారిలోనున్న మహబూబు ఘాటు. ఆ పొగ నా కారు సైలెన్సరునుండియే వెడలెను.

కారు ఇంజను నూనెను అతిగా త్రాగుటకు కారణములెవ్వి, వానిలో మన బండికి పట్టినది యేదియో తెలిసికొనుట యెట్లు, సరిచేయించుట యెట్లు అనునది నేటి ప్రసంగవిషయము. నేను యంత్రజ్ఞుడను గాను, తెలుగు పండితుడను. కాని ఈ విషయమున ఒకమారు సరిగా తెలిసికొని లాభపడితిని, మరియొకమారు తెలియకయే తెలిసినట్లు చెప్పి ఒకనికి నష్టము కలిగించితిని. రెండును చెప్పెదను.

మా నివాసము జగిత్యాల. నా బండి మారుతీ 800. 1983లో వెలువడిన ఆ బండి తయారీ 2014లో నిలిచిపోయినది. మూడు సిలిండర్లు, 796 ఘనసెంటీమీటర్ల చిన్న ఇంజను. నాయొద్దనున్నది కార్బురేటరు కాలమునాటిది. మరియొకరు వాడి విడిచినదానిని కొంటిని. నా భార్యకు మూత్రపిండముల వ్యాధి వచ్చినది మొదలు నెలకు రెండుమారులు కరీంనగరమునకు వైద్యమునకై పోవలసియున్నది. బస్సులో కూర్చుండి పోగల ఓపిక ఆమెకు లేదు. కావున ఆ బండి మాకు విలాసవస్తువు గాదు.

ఒకనాడు కరీంనగరము పోవుచుండగా మలుపులో నూనెబొమ్మగల ఎఱ్ఱదీపము ఒక్కక్షణము వెలిగి ఆరిపోయెను. ఆరినది గదా యని ఊరకుంటిని. ఇది నా మొదటి తెలివితక్కువ. ఆ దీపము నూనె యెంతయున్నదో తెలుపునది కాదు; నూనె యొత్తిడి తగ్గినదని తెలుపునది. ఇంజను అడుగుతొట్టిలో నూనె మిక్కిలి తగ్గినచో, మలుపులలోను ఏటవాలులందును అది ఒక ప్రక్కకు ఒరగి, పంపు నూనెకు బదులు గాలిని పీల్చును. అప్పుడు దీపము మిణుకుమనును. అది వెలిగియుండగనే బండిని నడపినచో బేరింగులు పట్టుకొని ఇంజను బిగిసిపోవుటకు కొలది నిమిషములు చాలును. ఇల్లు చేరి కొలపుల్లను తీసి చూడగా దాని కొనకు సయితము నూనె అంటలేదు. సుమారు మూడు లీటర్లు పట్టు తొట్టిలో రెండు లీటర్లవరకు పోయవలసివచ్చెను.

మరునాడు ఒక కార్ఖానాకు తీసికొనిపోతిని. అచ్చటి యువకుడు ఇంజను నడిపించి, యాక్సిలరేటరు త్రొక్కి, నీలిపొగను చూచి, "రింగులు పోయినయి సారూ. ఇంజను దించాలె. ముప్పై ఎనిమిది వేలైతది. ఇరవై దినాలు పడ్తది" అనెను. పింఛనుదారునకు ముప్పది యెనిమిదివేలు చిన్న సంగతి గాదు. ఇరువదిదినములు బండి లేకుండుట అంతకన్న పెద్ద సంగతి. ఆలోచించి చెప్పెదనని ఒక డబ్బా నూనె కొని వెంటనుంచుకొని తిరుగుచుంటిని.

ఆ దినములలోనే ఆదిలాబాదులోనున్న మా కుమార్తెను చూచుటకు బయలుదేరితిమి. నిర్మలులో నూనె పోయించుటకై ఒక వృద్ధుడైన మిస్త్రీ దుకాణమువద్ద ఆపితిని. నా కథయంతయు విని ఆయన ఒక్కటే యడిగెను. "ఘాటు ఎక్కేటప్పుడు పొగ వస్తదా సారూ, దిగినంక వస్తదా?"

నేను చెప్పలేకపోతిని. పొగను చూచితినే గాని, ఎప్పుడు వచ్చుచున్నదో చూడలేదు. "అయితే చూసి రాండ్రి" అని ఆయన పంపెను.

నా భార్యను వెనుక సీటులో కూర్చుండబెట్టి వెనుక అద్దమునుండి చూచుచుండుమంటిని. ఘాటు ఎక్కితిమి. బండి ఆయాసపడినది గాని పొగ రాలేదు. రెండుదినముల పిదప తిరిగివచ్చుచు, రెండవ గేరులో, యాక్సిలరేటరునుండి కాలు తీసి, ఇంజను పట్టుమీదనే మెల్లగా దిగితిమి. క్రిందికి వచ్చి సమతలమున కాలు మోపగానే ఆమె, "ఎక్కేటప్పుడు ఏం లేదు. దిగి తొక్కంగనే గుప్పుమన్నది" అనెను. బండి నాపి వెనుదిరిగితిని. నీలిపొగ దారికడ్డముగా వ్రేలాడుచుండెను.

ఈ భేదమునకు కారణమేమో తెలియవలెనన్నచో నూనె ఇంజనులో తిరుగు త్రోవ తెలియవలెను. అడుగుతొట్టినుండి పంపు నూనెను పైకి పంపును. అది బేరింగులను తడిపి, సిలిండరు గోడలమీద చిందును. పిస్టనుచుట్టు గాడులలో సాధారణముగా మూడు రింగులుండును. పై రెండును మంటయొక్క ఒత్తిడిని క్రిందికి జారనీయవు. మూడవది గోడమీది నూనెను గీచి, గాడిలోని రంధ్రములగుండ మరల తొట్టికి దింపును. చీలికగల లోహపు రింగును 1850ల ప్రాంతమున ఇంగ్లండులో జాన్ రామ్స్‌బాటమ్ అను నాతడు ఆవిరియంత్రములకై కల్పించెను. నేటికిని దాని తత్త్వము మారలేదు. ఈ రింగులు అరిగినను, మాడిననూనె పేరుకొని గాడులలో అంటుకొనిపోయినను, గోడ నున్నగా అరిగిపోయినను, నూనె పైకెక్కి పెట్రోలుతోగూడ కాలును. ఇది మొదటి త్రోవ.

రెండవ త్రోవ పైనుండి. ఇంజను శిరస్సునగల వాల్వుల కాడలు గైడులను గొట్టములలో పైకి క్రిందికి ఆడుచుండును. వానిపై నూనె ఎల్లప్పుడును చిందుచుండును. అది కాడవెంట క్రిందికి జారకుండ ప్రతి వాల్వునకును ఒక చిన్న రబ్బరు టోపీ యుండును. దానినే మన మిస్త్రీలు వాల్వు సీలందురు. వేడికిని వయస్సునకును ఆ రబ్బరు గట్టిపడి కాడను పట్టువిడుచును. యాక్సిలరేటరునుండి కాలు తీసి ఘాటు దిగునప్పుడు గాలిద్వారము మూసికొనియుండును, చక్రములు ఇంజనును త్రిప్పుచుండును. పిస్టనులు పీల్చుటకు గాలి లేక లోపల శూన్యత కలుగును. ఆ శూన్యత గాలికి బదులు వాల్వు కాడలవెంట నూనెను లాగికొనును. క్రిందికి వచ్చి కాలు మోపగానే పోగైన నూనెయంతయు ఒక్కమారు కాలి గుప్పుమనును. రాత్రియంతయు నిలిచిన బండి తెల్లవారి మొదట కదలింపగానే కొంచెము నీలిపొగ విడిచి ఊరకుండుటయు ఈ జాతి లక్షణమే. రింగుల దోషమైనచో పొగ యిట్లు మెరుపువలె వచ్చిపోదు. బరువు లాగునప్పుడు, ఎత్తు ఎక్కునప్పుడు, వెంటబడి వచ్చుచుండును. ఇంజను నడచుచుండగా నూనె పోయు మూతను తీసినచో అందుండి ఆవిరి బుసకొట్టును.

కార్ఖానా యువకుని మాటలోని లోపము నాకప్పుడు తెలిసినది. నీలిపొగ నూనె కాలుచున్నదనుటకు సద్ధేతువే. రింగులు అరిగినవనుటకు మాత్రము అది హేత్వాభాసము. రింగులు బాగుండినచోటను ఉండగల లక్షణమును రింగుల చెడుగునకు గుర్తుగా చెప్పుటను తార్కికులు సవ్యభిచారమందురు. ముప్పది యెనిమిదివేల సవ్యభిచారము.

అట్లని ఘాటు పరీక్షయు తుదిమాట గాదు. బలహీనమైన రింగులగుండ గూడ ఆ శూన్యత కొంత నూనెను లాగవచ్చును. కావున మిస్త్రీ నేను చెప్పినది విని తల యూపి, "ఇప్పుడు కొలుద్దాం" అనెను.

కొలుచుటకు ముందు ఆయన చేసినది మరియొకటి గలదు. తగ్గిన నూనెయంతయు కాలిపోయినదని యెవరు చెప్పిరి? కారిపోయియు ఉండవచ్చును. రాత్రి బండిక్రింద పాతపత్రికలను పరపించెను. ఉదయమున టాపెట్ కవరు దిగువన రెండు చుక్కలు మాత్రముండెను. క్రాంకు ముందువెనుకల ఆయిలు సీళ్లు, అడుగుతొట్టి బిరడా, వడపోత డబ్బా అంచు పొడిగనే యుండెను. రేడియేటరులోని నీరు తగ్గలేదు; నూనె పాలవలె విరుగలేదు. ఇంజను కడుపులోని ఆవిరిని వెలుపలికి విడుచు పి.సి.వి. వాల్వును ఊడదీసి చెవివద్ద ఆడించెను. బాగున్నది గలగలలాడవలెను, నాది మూగబోయియుండెను. అది మూసికొనినచో లోపలి ఒత్తిడి పెరిగి నూనెను సందుసందులగుండ త్రోయును. ఇంత అల్పమైన వస్తువునకై ఎన్ని ఇంజనులు విప్పబడినవో!

ఆ పిమ్మట కంప్రెషను పరీక్ష. ఇంజనును వేడెక్కించి, మూడు ప్లగ్గులను తీసి, యాక్సిలరేటరును పూర్తిగా నొక్కిపట్టి, ఒక్కొక రంధ్రమున గడియారమును బిగించి స్టార్టరు త్రిప్పవలెను. నా బండికి చదరపు అంగుళమునకు 160, 155, 165 పౌండ్లు వచ్చెను. మూడును దగ్గరదగ్గరగనే యున్నవి. తరువాత ప్రతి సిలిండరులోను ఒక చెంచాడు నూనె పోసి మరల కొలిచెను. అయిదారు పౌండ్లకన్న పెరుగలేదు.

ఈ చెంచాడు నూనె నన్ను ముగ్ధుని చేసినది. ఆయుర్వేదమున రోగమును తెలిసికొను సాధనములయిదు: నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి. వీనిలో ఉపశయమనగా లక్షణములచే తేలని రోగమును, ఒక ఔషధమునో పథ్యమునో ఇచ్చి, దానికి శరీరము చెప్పు జవాబునుబట్టి నిర్ణయించుట. సిలిండరులో పోసిన నూనె రింగుల సందులను తాత్కాలికముగా పూడ్చును. అంతట ఒత్తిడి మిక్కిలి పెరిగినచో ఆ సందులే రోగస్థానము. పెరుగకున్నచో ఒత్తిడిని పట్టు పై రింగులు నిర్దోషములు. ఆ వృద్ధుడు వైద్యగ్రంథములను చదివినవాడు గాడు. ఈ పద్ధతి ఆయనకు ఉపశయమని తెలియదు; నాకు ఉపశయము తెలిసియు ఈ పద్ధతి తెలియదు.

చికిత్స ఒక పూటలో ముగిసినది. సిలిండరు శిరస్సును విప్పకయే సీళ్లు మార్చుటకు ఆయన వాడిన ఉపాయము చూడదగినది. వాల్వు స్ప్రింగును తీసినచో వాల్వు సిలిండరులోనికి జారిపడును గదా. అందుచే ప్లగ్గు రంధ్రమునుండి మెత్తని నైలాను త్రాటిని లోపలికి చొనిపి, కొనను వెలుపలనుంచి, క్రాంకును చేతితో త్రిప్పి పిస్టనును పైకెత్తెను. ఉండచుట్టుకొనిన త్రాడు వాల్వులను అడుగునుండి అదిమిపట్టెను. గాలియంత్రమున్నవారు త్రాటికి బదులు గాలి నింపుదురు. రాకరు కడ్డీలను తీసి, స్ప్రింగులను నొక్కి, లాకులు విప్పి, పాతసీళ్లను లాగగా అవి ఎండిన చింతగింజలవలె గోటికి దిగకుండెను. కాడలను ప్రక్కకు కదల్చి గైడులు వదులు గాలేదని చూచెను. గైడులే అరిగియుండినచో క్రొత్తసీళ్లు కొన్నినెలలకన్న నిలువవు. ఆరు సీళ్లు, టాపెట్ కవరు ప్యాకింగు, పి.సి.వి. వాల్వు, కూలి, అన్నియు కలిసి 3000 రూపాయలకు లోపల ముగిసినది.

ఇంతవరకు నా విజయము. ఇక నా యపరాధమును చెప్పెదను.

నాయొద్ద చదివిన యొకడు కరీంనగరము పరిసరముల గ్రానైటు క్వారీలకు కూలీలను చేరవేయు ఓమ్నీ వ్యాను నడుపుచుండెను. అందున్నదియు నా బండిలోనున్నట్టి 796 ఘనసెంటీమీటర్ల ఇంజనే. అతని బండి నీలిపొగ విడుచుచున్నదని విని, నేను ఫోనులోనే, "రింగులని ఎవరైన చెప్పిన నమ్మవద్దు, సీళ్లు మార్పించుము" అంటిని. గురువు మాట యని అతడు మార్పించెను. పొగ తగ్గలేదు. సీళ్లు కుదురుకొనుటకు కొన్నాళ్లు పట్టునేమో యని మరల నేనే చెప్పితిని. నెలదినములు అతడు నూనె పోయుచు నడిపెను. ఒకనాడు కూలీలతో వచ్చుచుండగా దారిలో దీపము వెలిగి, బండి నిలిచిపోయినది. దినభత్యముమీద బ్రతుకువాడు. ఆ మాసపు సంపాదన అడుగంటినది.

కార్ఖానా యువకుడు పొగను చూచి రింగులనెను. నేను పొగను చూడకయే సీళ్లంటిని. ఇద్దరిలో నా తప్పే పెద్దది. అతడు నన్నొకమాటయు ననలేదు. అనినచో బాగుండెడిది.

బండిని లాగించి కంప్రెషను కొలిపించితిమి: 95, 100, 150. నూనె చెంచా పోసిన తరువాత 140, 145, 160. ఉపశయము సందేహము లేకుండ చెప్పినది. కారణమును వెదకగా, గాలివడపోత పెట్టెకును కార్బురేటరునకును నడుమనున్న రబ్బరు గొట్టము చిట్లియుండెను. వడపోతను మార్చుచునేయున్నాడు, గాలి మాత్రము వడపోతకు పోకయే చీలికనుండి లోనికి పోవుచుండెను. గ్రానైటు ధూళిలో క్వార్ట్జు అను ఖనిజముండును. అది సిలిండరును పోతపోసిన ఇనుముకన్న మిక్కిలి గట్టిది. గిద్దెడు ధూళి నూనెతో కలిసినచో ఆకురాయితో నూరినట్లే. ఎఱ్ఱమట్టి దారులలో, గోదావరిఖని బొగ్గుదారులలో, ఆదిలాబాదు రేగడిచేలగట్లమీద తిరుగువారు ఆ రబ్బరు గొట్టమును, దాని బిగింపులను నెలకొకమారైనను వ్రేళ్లతో తడవి చూచుకొనుడు.

ఆ ఇంజనును దింపవలసియే వచ్చినది. బోరింగు దుకాణమున కొలువగా సిలిండరు పైభాగము అడుగుకన్న వెడల్పై, కోడిగ్రుడ్డువలె వంకరపోయియుండెను. అర మిల్లిమీటరు పెద్దదిగా బోరు చేయించి, ఆ కొలత పిస్టనులును రింగులును తెప్పించితిమి. ఇచ్చట శ్రద్ధ వహింపవలసిన పనులు కొన్ని యున్నవి. బోరు చేసిన గోడ అద్దమువలె మెరయరాదు. రాతితో అడ్డగీతలు గీయింపవలెను. ఆ గీతలలోనే నూనె నిలుచును, వానిమీదనే క్రొత్తరింగు కుదురుకొనును. తరువాత కిరసనాయిలుతో కడిగి విడుచుట చాలదు. సబ్బు కలిపిన వేడినీటితో బ్రష్షు వేసి తోమి, తెల్లని గుడ్డతో తుడిచినచో గుడ్డ తెల్లగనే రావలెను. రాతిపొడి మిగిలినచో క్రొత్తరింగులు కొలదిదినములలోనే పాతవగును. రింగును సిలిండరులో ఒంటరిగా నుంచి కొనల నడిమి సందును కొలిచి, గుర్తుగల ముఖము పైకి వచ్చునట్లు తొడిగి, ఒకదాని సందు మరియొకదానిపై పడకుండ త్రిప్పి యుంచవలెను. బండి బయటపడిన తరువాత మొదటి కొన్నివందల కిలోమీటర్లు అతివేగమును అతిబరువును కూడదు. అయితే మరీ సుతారముగా నిశ్చలముగ నడిపినచో రింగులు కుదురుకొనక గోడ నునుపెక్కును.

బోరింగు ఖర్చులో సగము నేనిచ్చితిని. అతడు పుచ్చుకొనుటకు మిక్కిలి పెనగెను.

ఇక లెక్క. ఎంత నూనె తగ్గినచో అతియనవలెను? కొన్ని కంపెనీలవారి పుస్తకములలో వేయి కిలోమీటర్లకు లీటరువరకు సహజమేయని వ్రాసికొందురు. అది వారంటీ బాధ్యతనుండి తమ్ము కాచుకొనుటకేగాని మనకు గీటురాయి గాదు. ఆరోగ్యముగానున్న చిన్న ఇంజనునకు రెండు మార్పిడుల నడుమ కొలపుల్ల మీద కొంచెమే దిగవలెను. పెద్ద గుర్తునకును చిన్నదానికిని నడుమ చాల బండ్లలో సుమారు ఒక లీటరు. సమతలమున బండి నిలిపి, ఇంజను ఆపిన కొన్నినిమిషములకు, పుల్లను తుడిచి, ముంచి, తీసి చూడవలెను. పోసిన ప్రతిమారును తేదీ, కిలోమీటర్లు, మిల్లీలీటర్లు పుస్తకమున వ్రాయుడు. పై గుర్తును మించి పోయుటయు దోషమే: క్రాంకు తగిలి నూనె నురుగై, అదియు పొగయై పోవును.

పొగ తగ్గునని చెప్పి చిక్కని నూనెను, చిన్నసీసాల మందులను అమ్మువారు గలరు. అవి కొంతకాలము పొగను కప్పును, రోగము లోపల పెరుగును. ఇప్పటి బండ్లలోని సన్నని నూనెదారులకు వానికి నియమించిన పలుచని నూనెయే పోయవలెను. మరియొకటి: నేటి బండ్ల సైలెన్సరులో పొగను శుద్ధిచేయు కటలిటిక్ కన్వర్టరు గలదు. కాలిన నూనెలోని ఫాస్ఫరసు దానిని పాడుచేయును. దాని వెల నా పాత కారు వెలకు తీసిపోదు. టర్బోగల డీజిలు బండి నీలిపొగ విడిచినచో రింగులు, సీళ్లు, రెండింటికంటె ముందు టర్బో ఇరుసు సీలును చూపింపవలెను. తెల్లపొగయు నీరు తగ్గుటయు కలిసినచో నీరు కాలుచున్నది. నల్లపొగ పెట్రోలు మించినదానికి గుర్తు. వానికి ఈ ప్రసంగములోని చికిత్సలు పనికిరావు.

నా పుస్తకములో సీళ్లు మార్చకముందు వేయి కిలోమీటర్లకు 900 మిల్లీలీటర్లని యున్నది. మార్చిన తరువాతి మొదటి వేయికి 150. మొన్న కరీంనగరము పోయివచ్చి కొలిచినప్పుడు 130. ఓమ్నీ లెక్కను నా శిష్యుడు వేరుగా వ్రాయుచున్నాడు. దానిని ప్రతినెలయు తెచ్చి నాకు చూపుచున్నాడు. నేనింక ఫోనులో చెప్పుట లేదు.